నూట పన్నెండో నంబరు రాయి

పోయినవారం మనం టైలరమ్మను కాలేజీ మెట్ల మీద వదిలేసి వచ్చాం. తండ్రి మోచెయ్యి పట్టుకుని, ఎక్కాలా వెనక్కి తిరగాలా అని తేల్చుకోలేక అక్కడే నిలబడి ఉంది పాపం. వారం రోజులు ఒక మనిషిని అలా మెట్ల మీద నిలబెట్టడం న్యాయం కాదు. కానీ ఆమె తండ్రి నోరు విప్పకపోతే మనం మాత్రం ఏం చేస్తాం!

కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఈ తండ్రి ఆ కాలేజీలోని రాళ్ళ మ్యూజియంలో ముప్పై ఒక్క ఏళ్ళు అటెండరుగా చేశాడు. పొద్దస్తమానం బ్రష్షు పట్టుకుని రాళ్ళ మీది దుమ్ము దులుపుతుంటాడని విద్యార్థులు 'దులుపుడు తాత' అని పేరు పెట్టారు. నలభై దాటకముందే తాత అయిపోయినందుకు ఆయన ఏమీ అనుకోలేదు. రిటైరై నాలుగేళ్ళయింది. ఈమధ్య డిపార్టుమెంటుకు వచ్చిన కొత్త హెడ్డు, ఇన్సూరెన్సు కోసం రాళ్ళన్నిటికీ విలువ కట్టిద్దామని బీరువాలు తెరిచాడు. మ్యూజియానికే తలమానికం అనిపించుకున్న నూట పన్నెండో నంబరు నీలిరాయిని ఊదారంగు లైటు కింద పెట్టి చూస్తే, దానిమీది నీలి సూదుల గుత్తి మొదట్లో ఒక జిగురు గీత తెల్లగా వెలిగింది. అసలు రాయి పోయింది, దాని చోట ఎవరో నకిలీ అతికించి పెట్టారు అని ఆయన తేల్చేశాడు. బీరువా తాళంచెవి ముప్పై ఒక్క ఏళ్ళూ ఒక్కరి జేబులోనే ఉంది కాబట్టి దొంగను వెతకాల్సిన పని కూడా లేకపోయింది. బయటినుంచి నిపుణురాలు వచ్చి చూస్తుంది, ఆమె కూడా నకిలీ అంటే ఆ మధ్యాహ్నమే పోలీసులకు కంప్లయింటు.

"నేను దొంగతనం చెయ్యలేదు," అని తండ్రి ఒకే ఒక్క మాట అన్నాడు. "మరి ఆ జిగురెక్కడిది నాన్నా?" అని కూతురు అడిగి అడిగి అలిసిపోయింది. రాళ్ళ మధ్య బతికి బతికి ఆయన కూడా బెల్లం కొట్టిన రాయిలా అయిపోయాడు.

ఇక మెట్లు ఎక్కిద్దాం పదండి.

మ్యూజియం అంటే పొడుగాటి గది. రెండు వైపులా మనిషెత్తు చెక్క బీరువాలు, అద్దాల తలుపులు, ప్రతి అరలోనూ దూది పరుపుల మీద పడుకున్న రాళ్ళు, ఒక్కోదాని కాళ్ళ దగ్గర ఒక్కో చీటీ. పెద్ద కిటికీల్లోంచి పదకొండు గంటల ఎండ ధారాళంగా పడుతోంది. లోపలికి వస్తూనే దులుపుడు తాత మొదటి బీరువా అద్దం మీద వేలుతో ఒక గీత గీసి, ఆ వేలిని చూసుకుని, నిట్టూర్చాడు. తనమీద దొంగతనం మోపారన్న బాధకన్నా ఆ వేలిమీది దుమ్మే ఆయన్ను ఎక్కువ బాధపెట్టినట్టు కనిపించింది. టైలరమ్మకు ఒళ్ళు మండింది. ఇల్లు కాలుతుంటే వాకిట్లో చెత్త ఊడ్చే మనిషిని ఏమనాలి?

గది మధ్య బల్ల దగ్గర కొత్త హెడ్డు ఫైలు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. చెడ్డవాడేం కాదు, భయస్తుడు. తన హయాంలో ఒక రాయి పోయిందంటే తన మెడకు చుట్టుకుంటుందని భయం. టైప్ చేసిన కంప్లయింటు ఆ ఫైలులోనే ఉందని టైలరమ్మకు తెలుసు. ఆమె కళ్ళు దానిమీదినుంచి కదలలేదు.

నిపుణురాలు అప్పుడే చేతులు కడుక్కుని వచ్చింది. పొట్టిగా, నెరిసిన కత్తిరింపు జుట్టుతో, మెడలో రెండు కళ్ళజోళ్ళు, ఒక భూతద్దం వేలాడేసుకుని ఉంది. రాళ్ళు కొనేవాళ్ళలో, అమ్మేవాళ్ళలో ఆమె పేరు ఎవరికీ గుర్తుండదు. 'భూతద్దం మేడమ్ తల ఊపిందా?' అని మాత్రం అందరూ అడుగుతారు. ఆమె ఊపితే రాయికి ధర ఉన్నట్టు, ఊపకపోతే అది గుమ్మానికి అడ్డంపెట్టుకోవడానికి పనికొస్తుంది.

ఆమె చేసిన మొదటి పని రాయిని పట్టుకోవడం కాదు. సంచీలోంచి తువ్వాలు తీసి, నాలుగు మడతలు వేసి బల్లమీద పరిచింది. దులుపుడు తాత ఆ మడతల వంక చూసి తలాడించాడు. వారం రోజుల్లో ఆయన ఒక మనిషిని మెచ్చుకుంటూ చూడటం అదే మొదటిసారి.

హెడ్డు రాయిని దూది పరుపుతో, చీటీతో సహా తెచ్చి తువ్వాలు మీద పెట్టాడు. గుప్పెడంత తెల్లటి దిమ్మ, దాని గుంటలో బొటనవేలంత నీలిగుత్తి. సన్నటి నీలి సూదులన్నీ ఒక్కచోట మొలిచి నాలుగు వైపులా విచ్చుకున్నట్టుంది. ఎండ తగిలేసరికి అది మంట పుట్టినట్టు వెలిగింది. ఇంత చిన్నదానికా ఇంత రాద్ధాంతం అనుకుంటూనే టైలరమ్మ ఒక క్షణం కళ్ళు తిప్పుకోలేకపోయింది.

మేడమ్ పది నిమిషాలు చేతులు కట్టుకుని ఊరికే చూసింది. తరవాత చీటీ చదివింది. "కావన్సైట్ అని రాశారు. ఎవరు రాశారు?"

"మా మొదటి హెడ్డుగారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది," అన్నాడు కొత్త హెడ్డు.

"ఊఁ," అని ఆమె కిటికీ తెర లాగమంది. ఊదారంగు లైటు వెలిగించింది. గుత్తి మొదట్లో సన్నటి తెల్లగీత దారప్పోగులా మెరిసింది.

"చూశారుగా మేడమ్! జిగురు!" అన్నాడు హెడ్డు.

"జిగురే. అనుమానం లేదు."

టైలరమ్మ గుండెల్లో రాయి పడింది. తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అయితే నేను కంప్లయింటు..." అంటూ హెడ్డు ఫైలు విప్పబోయాడు.

"ఆగండి సార్. జిగురుందంటే అతుకు ఉందని అర్థం. నకిలీ అని ఎవరన్నారు? నేనైతే అనలేదు." లైటు ఆర్పి ఆమె టైలరమ్మ వైపు తిరిగింది. "మీరేం చేస్తుంటారమ్మా?"

"టైలరింగండీ."

"ఇంకేం, నా పని సగం అయిపోయినట్టే. చొక్కా చిరిగితే మీరు రెండు రకాలుగా బాగుచేస్తారు కదా?"

"మాసిక వేస్తామండీ. లేకపోతే రఫ్ఫు చేస్తాం."

"తేడా?"

"మాసికంటే వేరే గుడ్డ తెచ్చి వేసేది. రఫ్ఫంటే ఆ గుడ్డనే, పోగుకు పోగు కలిపి..." టైలరమ్మ మాట మధ్యలో ఆగిపోయింది. ఆమెకు విషయం అందింది.

"అదీ సంగతి. ఎక్కడిదో నీలిగుత్తి తెచ్చి ఈ తెల్లరాయి మీద అంటించి ఉంటే అది మాసిక. అలాంటివి బజారులో చాలా అమ్ముతున్నారు. ఈ గుత్తే విరిగితే మళ్ళీ అదే చోట కూర్చోబెట్టి ఉంటే అది రఫ్ఫు. రెండిట్లోనూ జిగురు ఒక్కలాగే మెరుస్తుంది. తెలియాలంటే తీసి చూడాలి." హెడ్డు వైపు తిరిగింది. "మీరు ఒప్పుకుంటేనే."

హెడ్డు ముఖాన చెమట పట్టింది. తియ్యమంటే రాయి మళ్ళీ విరుగుతుందేమోనని భయం, వద్దంటే తేలదు. మింగలేక కక్కలేక ఆయన కూర్చుండగా గదిలో ఇంకో గొంతు వినబడింది.

"ఎసిటోన్ చాలమ్మా. రెండు చుక్కలు. పావుగంట ఆగితే అదే వదులుతుంది. లాగకూడదు."

అందరూ ఒక్కసారిగా తిరిగి చూశారు. దులుపుడు తాత నేల చూపులు చూస్తున్నాడు.

"నాన్నా!" అంది టైలరమ్మ. ఉన్న నాలుగు మాటల్లో ఈ మాటే మాట్లాడాలా? తాడు తెచ్చి తనే మెడకు బిగించుకున్నట్టయింది. హెడ్డు కళ్ళు పెద్దవయ్యాయి.

భూతద్దం మేడమ్ మాత్రం నవ్వింది. "పావుగంటే కదా పెద్దాయనా, ఆగుదాం," అని సన్నటి బ్రష్షుతో గీత వెంబడి రెండంటే రెండు చుక్కలు వేసింది. గోళ్ళరంగు తుడిచే ద్రవం వాసన గుప్పుమంది.

పావుగంట అంటే ఎంతో, నిజంగా ఆగవలసి వచ్చినప్పుడే తెలుస్తుంది. హెడ్డు మూడుసార్లు వాచీ చూసుకున్నాడు. మేడమ్ కళ్ళు మూసుకుని కునుకు తీసినట్టే ఉంది. టైలరమ్మ మాత్రం ఆ పావుగంటలో పోలీసు స్టేషను, వీధిలో జనం, కొట్టు ముందు ఆగి గుసగుసలాడే ఆడవాళ్ళు, అన్నీ చూసేసింది. దొంగ కూతురి దగ్గర బట్టలు ఎవరు కుట్టించుకుంటారన్న భయం కాదు ఆమెది. ముప్పై ఒక్క ఏళ్ళు ఒక్క గుండుసూది ఇంటికి తేని మనిషి, ఈ వయసులో దొంగ అనిపించుకుని పోతాడేమోనన్నదే ఆమె బాధ.

మేడమ్ కళ్ళు తెరిచి పట్టకారు అందుకుంది. లాగలేదు, ఊరికే తాకింది. నీలిగుత్తి తేలిగ్గా, పండు తొడిమ నుంచి ఊడినట్టు వచ్చేసింది. దిమ్మను బల్లమీది ఒక మైక్రోస్కోపు కింద, గుత్తిని తిరగేసి ఇంకో దాని కింద పెట్టి చాలాసేపు అటూ ఇటూ చూసింది. లేచి పక్కకు జరిగి, "మీరు చూడండమ్మా," అంది.

"నేనా?" అంది టైలరమ్మ.

"అవును. అతుకులు చూసిన కళ్ళు కావాలి నాకు."

టైలరమ్మ వంగి కన్ను పెట్టింది. మొదట అంతా తెల్లటి మసక. మేడమ్ మర తిప్పగానే తెల్లటి గుంట, దాని అడుగున నీలి చుక్కలు కనిపించాయి. దారం కత్తిరించాక గుడ్డలో మిగిలిపోయే కొసల్లాగా, విరిగిన సూదుల మొదళ్ళు. అక్కడ మూడు లావువి ఒక వరస, పక్కన ఒకటి వంకర. రెండో మైక్రోస్కోపులో చూసింది. గుత్తి అడుగున మూడు లావువి ఒక వరస, పక్కన ఒకటి వంకర.

ఆమె తల ఎత్తింది. "మేడమ్... ఇది రఫ్ఫేనండీ. అదే గుడ్డ."

"అదే గుడ్డ," అని మేడమ్ తల ఊపింది. అదుగో, ఆ ఊపుడు కోసమే కదా ఇంతసేపూ!

హెడ్డు కూడా చూశాడు. ఒకటికి నాలుగుసార్లు చూశాడు. అయినా చదువుకున్నవాడు కదా, ఒక పట్టాన ఒప్పుకోడు. "సరే మేడమ్, ఈ రాయి మాసిక కాదు. కానీ అసలు రాయి తీసేసి, ఇలాంటిదే విరిగి అతికిన ఇంకో రాయి తెచ్చి పెట్టి ఉండొచ్చుగా?"

"మంచి ప్రశ్న. దానికి జవాబు ఈ సూదుల్లోనే ఉంది," అంటూ ఆమె గుత్తిలోని ఒక సూది కొసను మైక్రోస్కోపు కిందికి తిప్పింది. "సూదిని పక్కనుంచి కాదు, మొన వైపునుంచి చూడండి. ఎలా ఉంది?"

"నక్షత్రంలా ఉంది," అన్నాడు హెడ్డు. తరవాత లెక్కపెట్టాడు. తరవాత ఆయన నోరు తెరుచుకుంది. "ఐదు... ఐదు మూలలు!"

"చీటీ మీద రాసిన రాయికి ఈ నక్షత్రం రాదు. ఇది పెంటగొనైట్ సార్. రెండూ ఒక తల్లి పిల్లలే. లోపలి సరుకు ఒకటే, కట్టుబడి వేరు. కావన్సైట్ నేను వందల్లో చూశాను. ఇంత గుత్తి పెంటగొనైట్, ఇంత నిండు రంగుతో, నా ముప్పై ఏళ్ళ పనిలో ఇది రెండోది. మీ మొదటి హెడ్డుగారు నక్షత్రం చూడకుండా చీటీ రాసేశారు, అంతే. ఇప్పుడు చెప్పండి, చీటీ మీదున్న మామూలు రాయి ఎత్తుకుపోయి, దాని చోట పదింతలు ఖరీదైన రాయి పెట్టిపోయే దొంగ ఉంటాడా? గాజుపూస తీసుకుని వజ్రం వదిలివెళ్ళే దొంగ ఎవరైనా మీకు తెలిస్తే వాడి అడ్రసు నాకివ్వండి. మా ఇంటి తాళాలు తీసిపెడతాను."

హెడ్డు ముందు నవ్వాడు. తరవాత కుర్చీలో కూలబడ్డాడు. ఫైలులోని కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో కుక్కుకుని, దులుపుడు తాత ముందుకు వచ్చి నిలబడ్డాడు. "మీరు పెద్దవాళ్ళు. నేను తొందరపడ్డాను. క్షమించండి," అన్నాడు.

"దుమ్ము పట్టింది బాబూ," అన్నాడు దులుపుడు తాత. "బీరువాలకి. వారానికోసారైనా తుడిపించండి."

టైలరమ్మ ఒక్కసారిగా ఏడ్చేసింది. వారం రోజులుగా పంటిబిగువున ఆపుకున్నదంతా వచ్చేసింది. నెత్తిన పాలు పోసినట్టుంది ఆమెకు. నవ్వూ ఏడుపూ కలిసి ముక్కు చీదుకుంటూ తండ్రి భుజం మీద ఒక్కటిచ్చింది. "ఆ రాయి విరిగిందని, అతికించానని మొదటిరోజే ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది నాన్నా? దొంగ అన్నా ఊరుకున్నావు గానీ చెయ్యి జారిందని చెప్పడానికి నామోషీయా?"

"మ్యూజియాల్లో పనిచేసేవాళ్ళంతా ఇంతేనమ్మా," అంది మేడమ్ పట్టకారు తుడుచుకుంటూ. "రాయి పోయిందంటే తట్టుకుంటారు, రాయి విరిగిందంటే తట్టుకోలేరు. కానీ పెద్దాయనా, మీ చేతికి దణ్ణం పెట్టాలి. వదిలించుకోవడానికి వీలైన జిగురు వాడారు. మొండి జిగురు వాడి ఉంటే ఈ రాయికి ఇవాళ గతిలేదు."

"నేనే పగలగొట్టాను. నేనే అతికించాను," అన్నాడు దులుపుడు తాత. ఎవరివైపూ చూడలేదు.

"బాగుంది. అతుకున్నందుకు విలువలో నాలుగో వంతు తగ్గిస్తాను. తగ్గించినా మీ కాలేజీలో ఉన్న రాళ్ళన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. అయితే ఒక షరతు. అతుకును దాచి నేను కాగితం ఇవ్వను. ఎప్పుడు విరిగింది, ఎలా అతికించారు, ఎవరి చేతిలో విరిగింది, ఇవి మీ పుస్తకంలో ఎక్కాలి. రేపు ఎవరు చూసినా అనుమానం రాకూడదు."

దెబ్బల రిజిస్టరని ఒకటుంది ఆ మ్యూజియంలో. ఏ రాయికి ఏ చిన్న పెచ్చు ఊడినా అందులో రాయాలి. హెడ్డు దాన్ని వెతికి తెచ్చాడు. నల్ల అట్ట, అరిగిన మూలలు. ఆయన పుటలు తిప్పుతుంటే టైలరమ్మ తండ్రి భుజం పక్కనుంచి తొంగిచూసింది. అన్నీ తండ్రి గుండ్రటి అక్షరాలే. 'నలభై మూడు, మూల చిన్న పెచ్చు. నా బ్రష్షు గట్టిగా పడింది.' 'ఎనభై, కింద పెట్టేటప్పుడు గీత. నా చెయ్యి తగిలింది.' 'రెండువందల ఆరు, ఆవగింజంత ముక్క. నా తప్పు.' అలాంటివి పదకొండు లెక్కపెట్టింది. తుడుచుకున్న ముఖంతో ఆమె నవ్వుకుంటూనే చదివింది. పదకొండోదాని దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు సన్నగిల్లింది.

ఆవగింజంత ముక్క ఊడినా తన తప్పేనని రాసుకున్న మనిషి. ఈయనకు నామోషీ ఎక్కడిది? మరి ఈ ఒక్క రాయి సంగతి ఎందుకు రాయలేదు?

దులుపుడు తాత కళ్ళజోడు పెట్టుకుని పెన్ను తీసుకున్నాడు. రాయి నంబరు వేశాడు. తేదీ వేశాడు. సరిగ్గా ఇరవై ఆరేళ్ళ కిందటిది, తడుముకోకుండా వేశాడు. 'గుత్తి మొదట్లో విరిగింది. ఆ సాయంత్రమే అతికించాను.' చివరి గడి మిగిలింది: ఎవరి చేతిలో. పెన్ను అక్కడ ఆగిపోయింది.

"రాయండి, పర్వాలేదు. ఇందాక మీరే చెప్పారుగా," అన్నాడు హెడ్డు మెత్తగా.

"నోటితో చెప్పడం వేరండీ," అన్నాడు దులుపుడు తాత. "ఈ పుస్తకంలో నేనెప్పుడూ అబద్ధం రాయలేదు. అందుకే ఇన్నాళ్ళూ అసలు రాయనేలేదు." కూతురి వైపు తిరిగాడు. "అలా బయటికెళ్ళి కాస్త మంచినీళ్ళు పట్టుకురా తల్లీ."

బల్లమీద కూజా నిండుగానే ఉంది. టైలరమ్మ కదల్లేదు.

ఆయన కాసేపు చూశాడు. ఇక లాభం లేదనుకున్నాడేమో, ఎడమ అరచెయ్యి అడ్డం పెట్టుకుని నెమ్మదిగా రాశాడు. పెన్ను మూత పెట్టి, కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. హెడ్డు రిజిస్టరు తనవైపు తిప్పుకుని చదివాడు. ఆయన ముఖంలో నవ్వు పోయింది. ఒకసారి దులుపుడు తాతను, ఒకసారి టైలరమ్మను చూసి, పుస్తకాన్ని ఆమె ముందుకు జరిపాడు.

ఆ గడిలో ఉన్నవి నాలుగే మాటలు: 'మా అమ్మాయి. వయసు ఏడు.'

టైలరమ్మ రెండుసార్లు చదివింది. ఆయనకు ఆమె ఒక్కగానొక్క కూతురు. కానీ నాన్న ఎన్నడూ ఆమెను ఈ మ్యూజియం గుమ్మం తొక్కనివ్వలేదు. ఆమెకు తెలిసినంతలో, ఈ గదిలో అడుగుపెట్టడం ఇవాళే మొదటిసారి.